ఇటా, అటా?

మా మావయ్యని ఫ్యాక్టరీలో అందరూ గీత అని పిలుస్తారు. ఆడపేరు పెట్టి పిలిస్తే ఏ మగవాడైనా కస్సుమంటాడు. ఆయన మాత్రం తలెత్తి, "ఆ, ఏంటి?" అంటాడు. ఎందుకంటే ఆ గీత గీసింది ఆయనే.

అది అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీ. నూట ఇరవై మీటర్ల పొడుగు షెడ్డు. దాని నడిమధ్యలో, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నేల మీద పసుపు గీత ఉంటుంది. గీతకి ఇవతల ఒక రాష్ట్రం, అవతల ఇంకో రాష్ట్రం. షెడ్డు కట్టినప్పుడు హద్దు ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు. తర్వాతెప్పుడో సర్వేవాళ్ళు గొలుసులు పట్టుకొచ్చి కొలిచి, రెండు గోడల దగ్గర రెండు మేకులు కొట్టి చేతులు దులుపుకుని పోయారు. మేకు నుంచి మేకుకి దారం లాగి రంగు వేసే పని, గోడలకి సున్నం కొట్టడానికి వచ్చిన పందొమ్మిదేళ్ళ పెయింటరు మీద పడింది. ఆయనే మా మావయ్య.

గీత పడ్డాక దానికి రెండు వైపులా రెండు చట్టాలు మొలిచాయి. ఇటు చట్టం ప్రకారం ఫస్ట్ ఎయిడ్ పెట్టెకి తాళం ఉండకూడదు. అటు చట్టం ప్రకారం తాళం ఉండి తీరాలి, తాళంచెవి బాధ్యత గల మనిషి దగ్గర ఉండాలి. గీత మీదున్న స్తంభానికి ఆ ముఖానొకటి ఈ ముఖానొకటి రెండు పెట్టెలు తగిలించారు. ఒకదాంట్లో దూది ఎప్పుడూ ఉండదు, ఎవరో ఒకరు తీసుకుపోతారు. రెండోదాని తాళంచెవి ఎప్పుడూ దొరకదు. ఇటు మిషను మోత ఎనభై అయిదు డెసిబెల్స్ దాటకూడదు, అటు తొంభై దాకా పర్వాలేదు. కట్టర్ మిషను ఎనభై ఎనిమిది మోగుతోందని నోటీసు వస్తే, దాన్ని బాగుచెయ్యలేదు. ఎత్తి రెండు గజాలు అవతల పెట్టారు. చెవులు మాత్రం అవే చెవులు.

ఈ రెండు చట్టాలూ చదివినవాడు మావయ్య ఒక్కడే. తాను గీసిన గీత తనని అన్నం పెట్టి పోషిస్తుందని ఆయనకి ఎలా తట్టిందో తెలీదు. బ్రష్షు పక్కన పెట్టి రెండు నిబంధనల పుస్తకాలూ కొనుక్కుని, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. ఏ మిషను ఎటు ఉంటే ఏ రూలు తగులుతుందో అడిగినవాడికల్లా చెప్పేవాడు. అలా చెప్పీ చెప్పీ సేఫ్టీ ఇన్‌చార్జి అయ్యాడు. ఇటు ఒక రిజిస్టరు, అటు ఒక రిజిస్టరు. రెండు చంకల్లో రెండు పెట్టుకుని ముప్పై ఏళ్ళు గీత మీద అటూ ఇటూ నడిచాడు.

ఆ ఫ్యాక్టరీలో ఎవరికైనా దెబ్బ తగిలితే చుట్టూ చేరినవాళ్ళు అడిగే మొదటి మాట "ఏమైంది?" కాదు. "ఇటా, అటా?" అని. ఇటు చట్టం కఠినం. మనిషి పోతే షెడ్డు మొత్తానికి సీలు వేసి, ఇన్‌చార్జిని నిలదీస్తారు. అటు చట్టంలో ఆ ఒక్క మిషను ఆపి, మూడు రోజుల్లో ఉత్తరం పోస్టు చేస్తే చాలు. కాబట్టి ఇటు తెగిన వేళ్ళు అటు వెళ్ళి రిజిస్టరులో ఎక్కేవి. దాన్ని అక్కడ 'జరపడం' అంటారు. మొదట్లో భయంగా అన్న మాట, తర్వాత వేళాకోళం అయిపోయింది. మొగుడు ముఖం వేలాడేసుకుని ఇంటికొస్తే పెళ్ళాలు కూడా "ఏంటి, ఇటా అటా?" అని అడిగేవాళ్ళు.

నేను అందులో చేరేసరికి నాకు ఇరవై నాలుగు. పదో తరగతితో బడి నన్ను వదిలేసింది. పాత పుస్తకాల బండి దగ్గర నిలబడి దొరికినదల్లా చదివాక, ఏ ఉద్యోగం చూసినా ఒళ్ళుమంటగా ఉండేది. రిజిస్టర్లు కాపీ రాసే గుమాస్తా కావాలని మావయ్య నన్ను లాక్కొచ్చాడు. ఆయన ఇంట్లోనే ముందు గదిలో నా మకాం.

ఇంట్లో ఆయన వింత మనిషి. గుమ్మం మీద కాలు పెట్టడు. ఇంట్లోంచి బయటికి ఒకే అంగ. పలక మీద పలక పరిచిన నేల మాది. ఆయన కంచం రెండు పలకల మధ్య గీత మీద పడితే జరిపి పెట్టుకుంటాడు.

"ఈయనకి పెళ్ళి చూపులప్పుడు లేదీ రోగం," అనేది అత్త. "తొమ్మిదేళ్ళ నుంచీ. నేల తుడుస్తుంటే కూడా తప్పుకోమంటే ఎటు తప్పుకోవాలో తెలీక నిలబడిపోతాడు, దిష్టిబొమ్మలాగా."

"నీకేం తెలుసే," అనేవాడు మావయ్య.

చేరిన రెండో వారంలో నా మొదటి డ్రిల్లు. మంటలంటుకున్నాయని గంట కొడతారు. అందరూ పరుగున బయటి ఖాళీ జాగాలోకి వచ్చి, మిషన్ల వరసలో నిలబడాలి. అప్పుడు లెక్క. ఇక్కడ కూడా రెండు చట్టాలకీ పొత్తు లేదు. ఇటు చట్టం నోటితో లెక్క చెప్పమంటుంది. ఒకటి, రెండు, మూడు అని ఒకరి తర్వాత ఒకరు అరవాలి, ఆఖరి మనిషి అరిచిన అంకె రిజిస్టరులో ఎక్కాలి. అటు చట్టం కళ్ళతో లెక్కపెట్టమంటుంది. ఇన్‌చార్జి వరస వెంట నడుస్తూ తలలు లెక్కపెట్టుకోవాలి. ఆ రోజు హాజరు నూట పన్నెండు. ఆఖరి మనిషి అరిచింది నూట పదమూడు. మావయ్య కళ్ళ లెక్క నూట పన్నెండు.

"ఎవరో తప్పు చెప్పారు మావయ్యా," అన్నాను.

"ఊఁ," అని రెండు రిజిస్టర్లలోనూ నూట పన్నెండు రాశాడు. ఇటు రిజిస్టరులో నోటి లెక్క రాయాలి కదా అన్నాను.

"రాసింది కాపీ చెయ్యి. చదువుకున్న తెలివి ఇక్కడ పెట్టకు."

ఆ మాటకి నాకు కాలింది. ఆఫీసు గదికెళ్ళి పాత రిజిస్టర్లు తిరగేశాను. అన్ని డ్రిల్లులకీ రెండు చోట్లా ఒకే అంకె ఉంది. కానీ ఇటు రిజిస్టరులో ప్రతి అంకె కిందా కాగితం గీరుకుపోయి పలచగా ఉంది. వెలుతురుకి ఎత్తి చూస్తే, గీరేసిన అంకె ఎప్పుడూ ఒకటి ఎక్కువే. తొమ్మిదేళ్ళ నుంచీ. మనుషులు పెరిగారు, తగ్గారు, ఆ ఒకటి మాత్రం పోలేదు.

మూడు నెలలకి రెండో డ్రిల్లు. మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. ఈసారి అంకెలు మొదలవగానే నేను వరస వెంట, అరిచేవాడి నోటికేసే చూస్తూ నడిచాను. ముప్పై నాలుగు. ముప్పై అయిదు. కట్టర్ మిషను నడిపే అన్న మెడనరాలు ఉబ్బేలా "ముప్పై ఆరు!" అన్నాడు. ఆయన పక్కన ఖాళీ ఉంది. ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీ అవతల కాగితం రీళ్ళు మోసే బండి డ్రైవరు ఉన్నాడు. నేను డ్రైవరు నోటికేసి చూస్తున్నాను. ఆ నోరు మూసుకునే ఉంది.

"ముప్పై ఏడు."

కొంచెం బొంగురు గొంతు. పెద్దవయసు. గట్టిగా అరిచిన గొంతు కాదు, పక్కవాడికి చెప్పినట్టు. ఆ వెంటనే డ్రైవరు "ముప్పై ఎనిమిది!" అని అరిచాడు. లెక్క నన్ను దాటి ముందుకి పోయింది. నేను ఆ ఖాళీ ముందు నిలబడిపోయాను. వేడి గంజి వాసన వచ్చింది. అట్టలు అంటించడానికి గంజి కాసే తొట్టి షెడ్డు లోపల, మూసిన తలుపుల వెనక ఉంది.

లెక్క అయ్యాక డ్రైవరుని పట్టుకున్నాను. "నీ ముందు ఎవరు?"

"కట్టర్ అన్న."

"ఆయన ముప్పై ఆరు అన్నాడు. నువ్వు ముప్పై ఎనిమిది ఎందుకన్నావ్?"

"నా ముందు ముప్పై ఏడు వినపడింది, నేను ముప్పై ఎనిమిది అన్నా. వినపడ్డాక కూడా ముప్పై ఏడు అంటే నన్ను లెక్కలు రానివాడంటారు."

"అన్నది ఎవరు?"

డ్రైవరు కట్టర్ అన్నకేసి చూశాడు. కట్టర్ అన్న వాడి భుజం మీద చెయ్యేసి, "ఏం గుమాస్తా, ఉద్యోగంలోకి వచ్చావా, జనాభా లెక్కలకి వచ్చావా?" అన్నాడు. నలుగురు నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ హెల్మెట్లు ముఖం మీదికి దించుకుని లోపలికి పోయారు. ఆ ఖాళీ ఎందుకు వదిలారని అడుగుదామనుకున్నాను. తాము వదిలినట్టు వాళ్ళకే తెలిసినట్టు లేదు.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం గేటు దగ్గర్నుంచి కబురొచ్చింది, ఎవరో ఆవిడ సేఫ్టీ ఇన్‌చార్జి కోసం వచ్చిందని. మావయ్య కుర్చీలోంచి లేచి, "లేనని చెప్పు," అని రీళ్ళ గోదాములోకి పోయాడు. గేటు దగ్గర ముప్పై ఏళ్ళావిడ, మెడలో కొలతల టేపు వేలాడుతోంది. దర్జీ పని చేస్తుందట. చేతిలో ప్లాస్టిక్ సంచీ, అందులో కాగితాలు.

"లేరన్నారు కదూ," అంది నేను నోరు తెరిచే లోపే. "పర్వాలేదు. ఏటా ఈ రోజు వస్తాను, ఏటా ఉండరు. మీరు కొత్తా?"

"నేను ఆయన మేనల్లుణ్ణి. ఏం కావాలండీ?"

"మా నాన్న ఇక్కడ గంజి కాసేవాడు. గంజి బాబాయి అనేవాళ్ళు. పోయి తొమ్మిదేళ్ళు. ఆస్పత్రిలో, చేరేసరికే ప్రాణం లేదు, పోయిన చోటు ఫ్యాక్టరీ చెప్పాలి అని రాసిచ్చారు. ఇటు ఆఫీసుకి పోతే అటు పొమ్మంటారు, అటు పోతే ఇటు పొమ్మంటారు. కాళ్ళరిగాయి. పోయిన చోటు రాయకపోతే మరణ ధ్రువపత్రం ఇవ్వరట. కాగితాల ప్రకారం మా నాన్న ఇంకా బతికే ఉన్నాడు." కాస్త నవ్వింది. "నేను అడిగేది ఒక్క మాటే. ఇటా, అటా?"

వేళాకోళం కాదది, ఆవిడ నిజంగానే అడుగుతోంది.

వెనక్కొచ్చి తొమ్మిదేళ్ళ కిందటి పేజీలు తీశాను. ఆ తేదీకి ఎదురుగా ఇటు రిజిస్టరులో మావయ్య చేతిరాత: 'వివరాలకు అటు రిజిస్టరు చూడుడు.' అటు రిజిస్టరు తెరిచాను. 'వివరాలకు ఇటు రిజిస్టరు చూడుడు.'

అవి పట్టుకుని గోదాములోకి వెళ్ళాను. మావయ్య ఒక రీలుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు.

"వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది. ఇదేంటి మావయ్యా?"

మావయ్య పక్కనున్న రీలు కింద దోపిన చెక్క చీలికని వేలితో తడుతూ మొదలుపెట్టాడు.

"ఇటు చట్టంలో రీలు కింద చీలిక పెట్టాలిరా. అటు అక్కర్లేదు. అందుకని రీళ్ళన్నీ గీత దాటించి అటు పేర్పించాను. నా ఐడియానే. మేనేజరు భుజం తట్టాడు కూడా. టన్ను బరువు రీలు, అటు నుంచి దొర్లింది. దొర్లే రీలుకి గీతేం తెలుస్తుంది? వచ్చి బాబాయిని గంజి తొట్టికేసి అదిమేసింది. నలుగురం కలిసి వెనక్కి నెట్టాం. కింద పడ్డాడు. పడింది ఇటే. గీతకి మూరెడు ఇవతల."

"తర్వాత?"

"మేనేజరుకి ఫోన్ చేశా. బతికున్నాడా అనలేదు. ఇటా, అటా అన్నాడు. ఇటు సార్ అన్నా. అటు జరుపు అన్నాడు."

"జరిపావా?"

"ముప్పై ఏళ్ళుగా అదే కదరా పని. చంకల కింద చేతులేసి లాగా. ఫోన్ మళ్ళీ మోగింది. అటు ఇన్‌స్పెక్టరు ఇవాళ మన గెస్ట్ రూములోనే టీ తాగుతున్నాడు, అటు వద్దు, ఇటే పెట్టు అన్నాడు. మళ్ళీ ఇటు లాగా. మళ్ళీ మోగింది. ఆగు, కనుక్కుంటున్నా, ఎక్కడున్నవాణ్ణి అక్కడే ఉంచు అన్నాడు. అప్పటికి నడుం దాకా ఇటు, కాళ్ళు అటు."

"ఆంబులెన్సు?"

"ఏ ఆంబులెన్సు? ఇటు నంబరు వేరు, అటు నంబరు వేరు." అరచేతులు చూసుకున్నాడు. "బతికే ఉన్నాడురా. కళ్ళు తెరిచే ఉన్నాడు. నన్ను చూసి, ఇటా అటా అన్నాడు. హాస్యానికి అన్నాడో, నిజంగా అడిగాడో. నేను ఫోనుకేసి చూస్తున్నా. జవాబు చెప్పలేదు."

చూసినవాళ్ళు పదిమందికి పైనే ఉన్నారట. కట్టర్ అన్న ఉన్నాడు, డ్రైవరూ ఉన్నాడు. ఆ వారమే గోదాములో రీళ్ళన్నిటికీ, అటువాటికి కూడా, చీలికలు వేశాడట మావయ్య. గంజి తొట్టి దగ్గర గీత మీద ఏటా రంగు వేస్తే మిగతా అంతా పూటలో ఆరిపోతుంది, ఆ మూరెడు మాత్రం ఆరదు. నేను వెళ్ళి వేలు పెట్టి చూశాను. ఆర్నెల్ల కిందట వేసిన రంగు. వేలికి జిగురుగా తగిలింది.

శీతాకాలం మొదట్లో రెండు రాష్ట్రాల నుంచీ ఒకే కాగితం వచ్చింది, అదీ మొదటిసారి. ఇకనుంచి ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ కలిసే వస్తారు. ఉమ్మడి డ్రిల్లు జరిపి, పాత రిజిస్టర్ల మీద 'నమోదు కాని ప్రమాదం ఏదీ లేదు' అన్న మాట కింద సంతకాలు పెట్టి మూసేస్తారు. అంతా కంప్యూటర్లోకి పోతుంది. పాతవి మన ఫ్యాక్టరీ తుక్కు మిషన్లోనే ముక్కలు చేసెయ్యాలి. ఆ కాగితం చదివి మావయ్య మూడు రోజులు సరిగ్గా తినలేదు. రిజిస్టరు పోతే గంజి బాబాయికి పోయిన చోటు ఇంక ఎప్పటికీ లేదు. రాస్తే, లాగింది తనేనని రాయాలి. రెండేళ్ళలో రిటైర్మెంటు.

మేనేజరు నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. నన్ను అక్కడ కూర్చోమన్నది అదే మొదలు.

"నువ్వు చదివేవాడివి, నీకు అర్థమవుతుంది. మీ మావయ్య ఈ మధ్య తిక్కతిక్కగా ఉన్నాడు. ఆ ఒక్క పేజీ ఎవరి కంటా పడకుండా చూసుకో. ఆయన తర్వాత ఆ కుర్చీ ఎవరిదంటావ్?"

"సరే సార్," అన్నాను. అబద్ధానికి అనలేదు, నిజంగానే అన్నాను. మావయ్యని కాపాడుతున్నాననుకున్నాను. కుర్చీ కూడా కనిపించింది, కాదనను.

అత్త కూడా అదే అంది. "నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆయన్ని నోరు తెరవనివ్వకు. పోయినవాడు ఎలాగూ పోయాడు. ఉన్నవాణ్ణి పోలీసులకి అప్పజెప్పుకోనా?"

ముందు రోజు సాయంత్రం తొట్టిలోంచి ఒక గరిటెడు గంజి తెచ్చి, రెండు రిజిస్టర్లలోనూ ఆ పేజీని పక్క పేజీకి అంటించాను. చేతితో రుద్ది, పైన బరువు పెట్టాను. గంట తర్వాత చూస్తే అట్టలా బిగిసి ఉంది. ఎంత మంచి గంజి అనుకున్నాను.

ఉదయం పది గంటలకి వాళ్ళొచ్చారు. ఇటు ఇన్‌స్పెక్టరు లావుపాటి మేడమ్, కళ్ళద్దాలు తాడుకి కట్టుకుని ఉంది. అటు ఇన్‌స్పెక్టరు సన్నటి మనిషి, మాటకి ముందు దగ్గుతాడు. గంట కొట్టారు. జనం బయటికొచ్చి వరస కట్టారు. మేడమ్ ఒక చివర నిలబడి చెవి పెట్టింది. సన్నాయన వరస వెంట నడుస్తూ పెన్నుతో తలలు లెక్కపెట్టాడు.

"నూట పదమూడు," అంది మేడమ్.

"నూట పన్నెండండీ," దగ్గాడు ఆయన.

"నేను చెవులారా విన్నాను."

"నేను కళ్ళారా చూశాను. కళ్ళ లెక్కే లెక్కని మా వాళ్ళు రూలు పెట్టింది ఇందుకే మరి."

"కళ్ళతో అయితే వెనకనున్న పొట్టివాడు తప్పిపోతాడనే మావాళ్ళు నోటి లెక్క పెట్టింది. మళ్ళీ చెప్పించండి."

మేనేజరు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. రెండోసారీ అంతే. నూట పదమూడు, నూట పన్నెండు. మూడోసారి మేడమ్ మావయ్య వైపు తిరిగి, "మీరు ఇన్‌చార్జి కదా. మీరు నడవండి, నేను వింటాను," అంది.

మావయ్య నడిచాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. ముప్పై నాలుగు. ముప్పై అయిదు. కట్టర్ అన్న గొంతు ఈసారి లేవలేదు, గొణిగినట్టు "ముప్పై ఆరు," అన్నాడు. మావయ్య ఆ ఖాళీ ముందు ఆగాడు. వేడి గంజి వాసన గుప్పుమంది. డ్రైవరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. షెడ్డు రేకుల మీద పిచ్చుక నడిచే చప్పుడు కూడా వినిపించింది.

ముప్పై ఏడు అనలేదు ఈసారి. అదే బొంగురు గొంతు, చెవిలో చెప్పినట్టు, "ఇటా, అటా?" అంది.

మావయ్య చొక్కా వీపు భాగం ఒక్కసారిగా తడిసిపోయింది. ఆ ఖాళీకేసి చూస్తూ, అందరికీ వినపడేలా అన్నాడు: "ఇటే బాబాయ్. నువ్వు పడింది ఇటే. లాగింది నేను."

తర్వాత మేడమ్ వైపు తిరిగి మొత్తం చెప్పాడు, రీలు దగ్గర్నుంచి ఫోను దాకా. మేనేజరు "ఆయనకి ఒంట్లో బాలేదు మేడమ్," అని అడ్డం వచ్చాడు. అప్పుడు కట్టర్ అన్న హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని, "నేను చూశానండి," అన్నాడు. డ్రైవరు కళ్ళు తెరవకుండానే, "నేను కూడా," అన్నాడు. సన్నాయన నెమ్మదిగా పెన్నుకి మూత పెట్టుకున్నాడు. "అయితే ఇది మాది కాదు," అన్నాడు, బరువు దిగినట్టు.

"మాదే," అంది మేడమ్. "రిజిస్టరు తెండి."

నేను తెచ్చాను. అంటించిన పేజీ చింపితే గానీ ఊడదని, చింపితే నా పని బయటపడుతుందని తెలుసు. ఆవిడ చేతిలో పెట్టగానే రిజిస్టరు తనంతట తాను ఆ పేజీ దగ్గరే తెరుచుకుంది. రెండు కాగితాలూ జారి విడిపోయాయి. మధ్యలో గంజి తడిగా ఉంది. ఇప్పుడే తొట్టిలోంచి తీసినట్టు, వేడిగా. మేడమ్ వేలు వెనక్కి లాక్కుని నాకేసి చూసింది. ఏమీ అడగలేదు. తడి ఆరేదాకా కూడా ఆగకుండా మావయ్య చేతికి పెన్ను ఇచ్చింది. ఆయన 'అటు రిజిస్టరు చూడుడు' అన్నది కొట్టేసి, దాని కింద రాశాడు. పేరు, వేళ, గీతకి ఎన్ని అంగుళాలు ఇవతల. అక్షరాలు గంజిలో కాస్త అలుక్కుపోయాయి గానీ చదవడానికి వస్తాయి.

ఇంకోసారి లెక్క చెప్పించారు. నోటితో నూట పన్నెండు, కళ్ళతో నూట పన్నెండు. ముప్పై ఏడు అన్నది బండి డ్రైవరు, ఎవరినో అనుమతి అడిగినట్టు, చాలా చిన్నగా.

షెడ్డుకి సీలు వేశారు. మేనేజరు మీదా మావయ్య మీదా కేసు నడుస్తోంది. ఆ కుర్చీ నాకూ రాలేదు, ఎవరికీ రాలేదు. గంజి తొట్టి దగ్గర గీత మీద రంగు ఆరిందో లేదో చూడ్డానికి కూడా లోపలికి పోనివ్వడం లేదు. అత్త నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఆయనతో మాత్రం మాట్లాడుతోంది, కంచం గీత మీద పెట్టినా ఆయన జరపడం మానేశాడన్న సంతోషంతో.

మొన్న ఆదివారం ఉదయం దర్జీ ఆవిడ మా ఇంటికి వచ్చింది. సంచీలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ధ్రువపత్రం. పోయిన చోటు అన్న గడిలో ఇటు రాష్ట్రం పేరు, ఫ్యాక్టరీ పేరు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర కట్టుకుని ఉంది. ఆ వాసనకి మావయ్య కుర్చీలో బిగుసుకుపోయాడు. అత్త టీ పెడతానని లేచింది.

"వద్దండీ," అంది ఆవిడ. "ఒకటి అడిగి పోతాను. నాన్న ఎంతసేపు బతికున్నాడు?"

మావయ్య ఆవిడ ముఖంలోకి చూశాడు.

"పదకొండు నిమిషాలమ్మా. ఎదురుగా గడియారం ఉండేది."

"ఏమైనా అన్నాడా?"

"ఇటా, అటా అన్నాడు."

"మీరేం చెప్పారు?"

"అప్పుడేం చెప్పలేదు."

ఆవిడ తల ఊపింది. మా గోడ గడియారం వైపు చూసింది. మెడలోని టేపు తీసి వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, అలాగే కూర్చుంది. ఒక్క మాట లేదు. అత్త వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. నేను ఏదో అనబోతే మావయ్య చెయ్యెత్తి ఆపాడు. నాకు నాలుగో నిమిషంలో అర్థమైంది. అంత పొడుగు నిమిషాలు ఉంటాయని నేనెక్కడా చదవలేదు. మధ్యలో వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు, పంపు కింద బకెట్టు నిండి పొర్లింది, ఎవరూ లేవలేదు.

పదకొండో నిమిషం దాటాక కాగితం మడిచి సంచీలో పెట్టుకుని లేచింది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మావయ్య ఆవిడ వెనకే నడిచాడు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా గుమ్మం మీదే నిలబడ్డాడు, రెండు కాళ్ళూ పెట్టి.